మీకు తెలుసా? కట్టు విప్పాక మొదలయ్యే వైద్యం

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఎక్కడికి తీసుకుపోదాం?’ అనేదే. మదనపల్లె వాళ్లకు ఊళ్లోనే ఆసుపత్రులున్నాయి. పుంగనూరు వాళ్లు మదనపల్లెకో చిత్తూరుకో బయల్దేరతారు. కుప్పం వాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడా కాదంటే బెంగళూరు రైలు ఉంది. కొందరు ఏమీ ఆలోచించకుండా పుత్తూరు కట్టుకే పోతారు. దెబ్బ పెద్దదైతే తిరుపతి బర్డ్ ఆసుపత్రి, లేదంటే వేలూరు. ఎముక ఎక్కడ అతికించుకోవాలన్న దాని మీద ఇంత చర్చ చేస్తాం. అతికాక మనిషి మళ్లీ పనిలోకి ఎట్లా దిగాలన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. ‘కట్టు విప్పేశారు కదా, మెల్లిగా అదే సర్దుకుంటుంది’ అని వదిలేస్తారు. చాలామందికి అది సర్దుకోదు. ఎముక ఎక్స్‌రేలో చక్కగా కనిపిస్తుంది, మనిషి మాత్రం ఏడాది గడిచినా కుంటుతూనే ఉంటాడు. ఆ మిగిలిన సగం వైద్యం గురించి తెలుసుకోదగ్గ సంగతులు కొన్ని ఇవి.

దేశంలో తొలి ఇన్‌పేషెంట్ రిహాబ్ కేంద్రం వెనక ఉన్నది చక్రాల కుర్చీలోని డాక్టరు

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) మనవాళ్లకు పరాయి చోటేమీ కాదు. గాయపడినవాళ్లను ఆసుపత్రిలోనే ఉంచుకుని తిరిగి పనికి తయారుచేసే కేంద్రం మన దేశంలో మొదట వెలిసింది అక్కడే, 1966లో, బాగాయంలో. దాన్ని నిలబెట్టింది డాక్టర్ మేరీ వర్గీస్. కొచ్చి దగ్గరి చెరాయిలో 1925లో పుట్టి, వేలూరులోనే డాక్టరు చదివి, అక్కడే పనిచేస్తూ ఉండగా 1954 జనవరిలో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు.

అప్పట్లో అదే ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసేవారు. చేతి ఆపరేషన్ కూర్చుని చేయొచ్చు కాబట్టి, చక్రాల కుర్చీలో ఉండి కూడా ఆమె సర్జన్ కాగలదని ఆయన నమ్మారు. ఆమె అది చేసి చూపించారు. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తాను కోలుకునే శిక్షణ పొందారు. న్యూయార్క్ వెళ్లి, ఈ వైద్యానికి పెద్దదిక్కయిన హోవర్డ్ రస్క్ సంస్థలో చదువుకున్నారు. తిరిగొచ్చి 1963లో సీఎంసీలో ఆ శాఖ పగ్గాలు పట్టారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

బ్రాండ్ చేసిన ఆపరేషన్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చచ్చుబడిన కండకు బదులుగా, బలంగా ఉన్న మరో కండ తాలూకు స్నాయువును మళ్లించి వేళ్లకు కుట్టేవారు. కుట్టినంత మాత్రాన వేలు కదలదు. ఇన్నేళ్లూ ఒక పనికి అలవాటుపడిన కండ ఇప్పుడు కొత్త పని నేర్చుకోవాలి. అందుకు వారాల తరబడి రోజూ సాధన చేయించాలి. ఆ సాధన లేకపోతే ఎంత గొప్ప ఆపరేషన్ అయినా వ్యర్థం. అదీ చాలలేదు. చేతులు బాగుపడి ఊళ్లకు వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. వంకర వేళ్లు పోయాక భిక్ష కూడా సరిగ్గా పడటం లేదని, పనేమో ఎవరూ ఇవ్వడం లేదని చెప్పుకున్నారట. బ్రాండ్ ఈ సంగతి తానే రాసుకున్నారు. దాంతో సీఎంసీ ఆవరణలో ‘నవజీవ నిలయం’ అనే చిన్న పల్లె లాంటిది కట్టి, ఆ చేతులకు వడ్రంగం లాంటి పనులు నేర్పించారు.

నా దృష్టిలో ఈ మొత్తం విద్యకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. వేలు ఎన్ని డిగ్రీలు వంగిందన్నది ఒక కొలత మాత్రమే. ఆ వేళ్లతో మనిషి ఏం చేసుకుని బతుకుతాడన్నది ముందే అడిగి, వ్యాయామాన్ని అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ రావాలి.

పదిరోజులు మంచం మీద ఉంటే కాళ్లలో దాదాపు కిలో కండ పోతుంది

ఇది పెద్దవాళ్ల సంగతి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పదిరోజుల పాటు మంచం దిగనివ్వకుండా అమెరికాలో పరిశోధకులు పరిశీలించారు. 2007లో ఫలితాలు వచ్చాయి. దెబ్బ లేదు, జబ్బు లేదు, ఉత్త పడకే. అయినా కాళ్లలోనే సుమారు కిలో కండ కరిగిపోయింది.

అంతకంటే పాతది, నాకు మరీ ఆశ్చర్యమనిపించేది డల్లాస్ పరిశోధన. 1966లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు పడుకోబెట్టి, వాళ్ల శరీరం ఎంత శ్రమకు తట్టుకుంటుందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ పిలిచి మళ్లీ కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే, ఆనాటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

తుంటి విరిగిన అవ్వను ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నిలబెడుతుంటే ‘పాపం, ఇంకో రెండు రోజులు పడుకోనీండి’ అని అడ్డుపడే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ రెండు రోజుల్లో పోయే కండను తిరిగి తెచ్చుకోవడానికి ఆ వయసులో వారాలు పడుతుంది.

బాగున్న చేతికి వ్యాయామం చేస్తే కట్టులో ఉన్న చేతికీ బలం

వినడానికి నమ్మేలా లేదు గానీ, ఇది 130 ఏళ్ల నాటి సంగతి. 1894లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం ఒక చేతికే సాధన చేయిస్తే రెండో చేతికీ బలం పెరగడం గమనించింది. కండను కదిలించే ఆజ్ఞ మెదడు నుంచి రావాలి కదా. ఒకవైపు సాధనతో ఆ ఆజ్ఞ పదునెక్కితే రెండో వైపుకూ కొంత అందుతుంది. ఎడమ మణికట్టు విరిగి కట్టులో ఉంటే, కుడి చేత్తో బరువైన పిడికిలి వ్యాయామాలు చేయించడం అందుకే.

ఇంకా విచిత్రం, చేయి కదపకుండా కదిపినట్టు ఊహించుకున్నా కొంత ఫలితం ఉంటుంది. 2014లో ఒహాయో విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యవంతుల మణికట్టుకు నాలుగు వారాలు కట్టు వేసి చూశారు. ఊరికే ఉన్నవాళ్లకు దాదాపు 45 శాతం బలం పడిపోయింది. గట్టిగా పిడికిలి బిగిస్తున్నట్టు వారానికి ఐదు రోజులు మనసులో సాధన చేసినవాళ్లకు పడిపోయింది 24 శాతమే.

కట్టు బయట ఉన్న కీళ్లదే పెద్ద కథ

పుత్తూరు దగ్గరి రాచపాళెం పేరు తెలియని ఇల్లు రాయలసీమలోనే కాదు, తమిళనాడులోనూ కర్ణాటకలోనూ తక్కువ. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలతో వేసే ఆ కట్టుకు తరాల పేరుంది. చక్రాల కుర్చీల్లో, ఆటోల్లో, మంచాల మీద జనం అక్కడికి ఎందుకు పోతారో అర్థం చేసుకోలేనివాళ్లు ఈ ప్రాంతాన్ని సరిగ్గా చూడలేదనే అనాలి. ఖర్చు తక్కువ, కోత లేదు, చేసేవాళ్లు నమ్మకంగా మాట్లాడతారు. ఎముక కదలకుండా పట్టి ఉంచితే, పక్కకు జరగకుండా సరైన స్థితిలో ఉన్న విరుపైతే, శరీరమే అతికించుకుంటుంది. ఈ సూత్రం పసరు కట్టుకైనా పిండికట్టుకైనా ఒకటే.

అయితే ఏ కట్టైనా సరే, ఎవరు కట్టినా సరే, రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒకటి ప్రమాదకరమైనది. కట్టు బిగుసుకుపోయి లోపల రక్తప్రసరణ ఆగితే గంటల్లోనే కండ చచ్చిపోతుంది. బిగుతు కట్ల తర్వాత పిల్లల చేతులు గద్దగోళ్లలా ముడుచుకుపోవడాన్ని జర్మన్ సర్జన్ రిచర్డ్ వాన్ వోల్క్‌మన్ 1881లోనే వర్ణించి రాశారు. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా, ఎవరైనా మెల్లగా వేలు చాపితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా తెల్లారే దాకా ఆగకూడదు. అర్ధరాత్రైనా కట్టు వదులు చేయించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, కీలు దగ్గర విరిగినా మొదటే సర్జన్ చూడాలి.

రెండోది నెమ్మదిగా నష్టం చేసేది. మణికట్టుకు కట్టు వేస్తే మనిషి చేతిని గుండెకు ఆనించి, మెడకు గుడ్డ కట్టి వేలాడదీసి, ఆరు వారాలు అట్లాగే ఉంచుకుంటాడు. ఎముక అతుకుతుంది. ఈలోగా దెబ్బే తగలని భుజం బిగుసుకుపోతుంది. వేళ్లు కర్రల్లా నిలబడతాయి. అన్నం కలుపుకోలేరు, చొక్కా బొత్తాం పెట్టుకోలేరు, చేయి పైకెత్తి జుట్టు దువ్వుకోలేరు. కట్టు వేసిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇంతే: గంటకొకసారి వేళ్లన్నీ పూర్తిగా ముడిచి పూర్తిగా చాపు. మోచేయి వంచి చాపు. రోజుకు నాలుగైదు సార్లు చేయి తలపైకి ఎత్తు. మందు లేదు, యంత్రం లేదు, ఖర్చు లేదు. ఈ నాలుగు మాటలు చెప్పకపోవడం వల్ల బిగుసుకుపోయిన భుజాలు మన ఊళ్లలో ఎన్నున్నాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

రెండు చెంచాల నీరు చాలు, తొడ కండ ‘నిద్రపోతుంది’

మోకాలికి దెబ్బ తగిలి నీరు చేరితే తొడ ముందరి కండ పనిచేయడం మానేస్తుంది. కండకు దెబ్బ తగల్లేదు, నరం తెగలేదు. కీలు ఉబ్బిందన్న సమాచారం అందగానే వెన్నుపాము ఆ కండకు పోయే ఆజ్ఞను తగ్గించేస్తుంది. కీలులో 20 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రవం చేరితే చాలు, ఈ ప్రభావం మొదలవుతుందని 1980లలోనే ప్రయోగాలతో చూపించారు. మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి మడతపడటానికి చాలాసార్లు ఇదే కారణం.

దీనికి మొదటి వ్యాయామం చూడటానికి మరీ చిన్నది. మంచం మీద కాళ్లు చాపి కూర్చోవాలి. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. ఆ తువ్వాలును మోకాలితో కిందికి అదుముతూ ఐదు క్షణాలు బిగించి వదలాలి. చేసేవాడి చెయ్యి తొడ మీదే ఉండాలి, మోకాలి చిప్పకు కాస్త పైన, లోపలి వైపు. మొదటిరోజు ఆ చోట ఏమీ కదలదు, మెత్తగా ఉంటుంది. పిరుదు బిగుస్తుంది, మడమ మంచానికి గుచ్చుకుంటుంది, తొడ మాత్రం పలకదు. మూడోనాడో నాలుగోనాడో వేళ్ల కింద కండ సన్నగా ముడుచుకోవడం తెలుస్తుంది. మంచి ఫిజియో ఆ క్షణం కోసమే చూస్తాడు. అది తెలియకముందే నడిపించి, పరుగెత్తించి ప్రయోజనం లేదు.

‘కరెంటు పెట్టించుకోవడం’ ఒక్కటే వైద్యం కాదు

మన దగ్గర ఫిజియోథెరపీ అంటే చాలామందికి కరెంటు పెట్టడమే. పది రోజులు పోయి పడుకుని, ప్యాడ్లు పెట్టించుకుని, జిలజిలమన్నాక లేచొస్తారు. కొన్ని రకాల కరెంటు వల్ల కాసేపు నొప్పి తగ్గొచ్చు. ఆపరేషన్ తర్వాత నిద్రపోయిన తొడ కండను లేపడానికీ ఒక రకం కరెంటు నిజంగానే పనికొస్తుంది. కానీ చీలమండ బెణుకులకు అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టడం మీద వచ్చిన పరీక్షలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2011లో సమీక్షిస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. బెణికిన చీలమండకు కావలసింది ఒంటికాలి మీద నిలబడే సాధన. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలి, తర్వాత కళ్లు మూసుకుని. అది చేయనివాళ్లకే అదే కాలు పదేపదే బెణుకుతుంది.

ఎక్కడికైనా రిహాబ్ కోసం పోతే గమనించాల్సింది ఇదే. అక్కడున్న గంటలో ఎంతసేపు మీరు పడుకున్నారు, ఎంతసేపు మీరు చెమటోడ్చారు?

ఐసు పెట్టమన్న డాక్టరే వెనక్కి తగ్గారు

విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం: ఈ నాలుగింటినీ కలిపి సూత్రంగా 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్. ఐసూ, పూర్తి విశ్రాంతీ కూడా కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చని ఆయనే 2014 ప్రాంతంలో రాశారు. దెబ్బ తగిలిన చోట వాపు రావడం మరమ్మతు మొదలైందనడానికి గుర్తు. నొప్పి తట్టుకోలేనప్పుడు మొదటి రోజు కాసేపు ఐసు పెడితే పాపమేమీ లేదు. వారాల తరబడి అదే పనిగా పెట్టుకోవడం మాత్రం దండగ.

ఆపరేషన్ చేయమంటే కాదన్నారు, దాంతో కొత్త వైద్యం పుట్టింది

స్వీడన్ ఎముకల డాక్టరు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కు మడమ వెనక స్నాయువు నొప్పి. పరిగెత్తడం ఆయనకు ఇష్టం. ఆపరేషన్ చేయమని తన పైఅధికారిని అడిగితే, ఆయన ఒప్పుకోలేదు. స్నాయువు తెగితే అప్పుడైనా చేస్తారు కదా అని, దాన్ని తెంపాలనే ఉద్దేశంతోనే మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం విపరీతంగా చేశారట. తెగలేదు సరికదా, నొప్పి తగ్గిపోయింది. ఆ తర్వాత 15 మంది పరుగు అలవాటున్న రోగుల చేత పన్నెండు వారాలు, రోజుకు 180 సార్లు అదే చేయించి 1998లో ఫలితాలు ప్రచురించారు. అందరూ మళ్లీ పరుగు మొదలుపెట్టారు. ఈనాటికీ మడమ స్నాయువు నొప్పికి ఆ వ్యాయామం నుంచి పుట్టిన పద్ధతులే వాడుతున్నారు.

దీంతో ఒక పాత భయం సడలింది. వ్యాయామంలో నొప్పి వస్తే వెంటనే ఆపేయాలని అందరూ అనుకునేవారు. సున్నా నుంచి పది వరకు కొలిస్తే ఐదు దాకా నొప్పి వచ్చినా ఫరవాలేదు, మర్నాటి ఉదయానికల్లా అది మామూలుకు రావాలి, వారం వారం పెరగకూడదు అని స్వీడన్‌లోనే కరిన్ సిల్బర్‌నాగెల్ బృందం స్నాయువు రోగులతో చేసిన పనిలో కొలమానం పెట్టింది. ఇది అన్ని దెబ్బలకూ వర్తించదు. కొత్తగా అతికిన ఎముకకు, ఆపరేషన్ అయిన కీలుకు సర్జన్ చెప్పిన హద్దే హద్దు. కానీ మర్నాటి ఉదయాన్ని గమనించడమనేది అందరికీ పనికొచ్చే అలవాటు. నిన్న చేసింది ఎక్కువైందో తక్కువైందో పొద్దున మంచం దిగేటప్పుడు కాలే చెబుతుంది.

తొమ్మిది నెలల లెక్క

మోకాలి లోపలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్న ఆటగాళ్లను నార్వే, అమెరికా పరిశోధకులు రెండేళ్లు గమనించి 2016లో ఒక లెక్క తేల్చారు. తొమ్మిది నెలల వరకు, ఆటలోకి దిగడం ఒక్కొక్క నెల ఆలస్యమైన కొద్దీ మళ్లీ దెబ్బ తగిలే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. నెలలు గడవడమే కాదు, రెండు తొడల బలం సమానంగా వచ్చిందా, ఒంటికాలి గెంతులో తేడా ఎంత అన్న పరీక్షలు దాటినవాళ్లే తక్కువగా దెబ్బతిన్నారు.

మన పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో పుణే జాతీయ క్రీడల్లో దెబ్బతింది. ఆపరేషన్లు జరిగాయి. ఏడేళ్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ప్రకాశ్ పదుకోణె తర్వాత ఆ ఘనత సాధించిన భారతీయుడు ఆయనే. సైనా నెహ్వాల్ రియో ఒలింపిక్స్ తర్వాత 2016 ఆగస్టులో మోకాలి ఆపరేషన్ చేయించుకుని, 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచారు. ఆమెది మరో రకం గాయం, కాబట్టి గడువూ వేరు. పి.వి. సింధు 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది ఎడమ పాదం ఎముకలో సన్న పగులుతోనే. ఆ తర్వాత దాదాపు ఐదు నెలలు ఆటకు దూరమై 2023 జనవరిలో తిరిగొచ్చారు. రిషభ్ పంత్ సంగతి అందరికీ గుర్తే. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం, కుడి మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్, కుప్పం వాళ్లు రోజూ రైల్లో పోయొచ్చే బెంగళూరులోనే జాతీయ క్రికెట్ అకాడమీలో నెలల సాధన, 2024 మార్చి 23న మళ్లీ ఐపీఎల్.

పక్కింటి కుర్రాడు ఆరు వారాలకే బైకెక్కాడు కదా, నాకెందుకింత ఆలస్యం అని అడిగేవాళ్లు ఈ వరుసను ఒకసారి చదువుకోవాలి. దెబ్బను బట్టి, చేయాల్సిన పనిని బట్టి గడువు మారుతుంది.

మట్టి బుట్టల నుంచి టమాటా క్రేట్ల దాకా

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915 నాటిది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించారు. మందు లేని ఆ కాలంలో క్షయకు విశ్రాంతీ గాలీ తిండీ తప్ప దిక్కు లేదు. అప్పుడు ప్రపంచమంతటా శానిటోరియం డాక్టర్లను వేధించిన ప్రశ్న ఒకటే: నెలల తరబడి పడుకున్న కూలివాడు ఇంటికి పోయి మర్నాడే పార ఎలా పట్టుకుంటాడు? ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో 1905 నుంచి మార్కస్ పాటర్సన్ దానికి జవాబు వెతికారు. రోగిని మొదట కొద్ది దూరం నడిపించారు, దూరం పెంచారు. తర్వాత బుట్టలో మట్టి మోయించారు. తర్వాత చిన్న పార, ఆ పైన పెద్ద పార. మందును కొలిచినట్టే పనినీ మోతాదుగా కొలిచి ఇచ్చారు.

ఇదే ఆలోచనను మదనపల్లె టమాటా మండీకి తెచ్చుకుందాం. నడుము పట్టేసిన హమాలీకి రిహాబ్ ముగిసిందని ఎప్పుడు అనాలి? వంగి కాలి బొటనవేలు తాకినప్పుడు కాదు. నిండిన క్రేటు పాతిక, ముప్పై కిలోలు ఉంటుంది. అదొక్కటి కాదు, సీజన్లో తెల్లవారుజాము నుంచి వరసగా ఎత్తాలి, నేల మీది నుంచి లారీ ఎత్తుకు. కాబట్టి సాధన ఖాళీ క్రేటుతో మొదలవ్వాలి. మొదట దాన్ని నేల మీద పెట్టకూడదు, నడుము ఎత్తున్న బల్ల మీద పెట్టాలి. క్రేటు ఒంటికి ఆనించుకుని ఎత్తడం, దించడం, పదేసి సార్లు. అది రెండు పూటలా తేలికగా వస్తే ఐదు కిలోలు వేయాలి. తర్వాత పది. అప్పుడు బల్ల ఎత్తు తగ్గించాలి, మోకాలి దాకా. బరువూ లోతూ ఒకేసారి పెంచకూడదు. ఇరవై కిలోలు వచ్చాక నేల మీది నుంచి. ఆ తర్వాత ఒకేసారి ఎంత బరువు ఎత్తగలడన్నది పక్కనపెట్టి, ఎన్నిసార్లు ఎత్తగలడన్నది చూడాలి. అలసిపోయాక నడుము ఎట్లా వంగుతుందో ఫిజియో కళ్లారా చూడాలి, ఎందుకంటే దెబ్బ తగిలేది ఎక్కువగా అప్పుడే. మొదటి వారం సగం పూటే మండీకి పోవాలి. ఇందులో కొనాల్సిన వస్తువేదీ లేదు. లేనిది, ఇట్లా మెట్టు మెట్టుగా రాసిచ్చే అలవాటు.

నీరుగట్టువారిపల్లె గుంట మగ్గం నేతగాడికి క్రేటు అక్కర్లేదు. ఆయన గంటల తరబడి కూర్చుని పాదంతో తొక్కాలి. చీలమండ వంగాలి, నడుము కూర్చుని ఉండగలగాలి. కుప్పం గ్రానైటు క్వారీలో పనిచేసేవాడికి ఎగుడుదిగుడు నేల మీద తూలకుండా నిలబడటం రావాలి. పుంగనూరు పాడి రైతుకు గొంతుకూర్చుని పాలు పితికి లేవడం రావాలి. నలుగురికీ ఒకే కాగితం జిరాక్సు తీసి ఇస్తే ఎవరికీ సరిపోదు.

రెండు వ్యాయామాలిస్తే చేస్తారు, ఎనిమిదిస్తే మానేస్తారు

1999లో అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు కొందరికి రెండు, కొందరికి ఎనిమిది వ్యాయామాలు ఇచ్చి ఇంటికి పంపారు. రెండు ఇచ్చినవాళ్లే వాటిని సరిగ్గా చేశారు. మన పల్లెల నుంచి ఫిజియో దగ్గరికి పోవాలంటే ఒక పూట పని పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, తోడుకు ఇంకొకరి పనీ పోతుంది. వారానికి ఐదుసార్లు రమ్మంటే రెండో వారానికే మానేస్తారు. పదిహేను రోజులకోసారి రమ్మని, మధ్యలో ఇంట్లో చేయాల్సినవి రెండో మూడో బాగా నేర్పి పంపితే నిలుస్తుంది. వాటిని రోజువారీ పనికి ముడిపెడితే ఇంకా మంచిది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు గట్టు పట్టుకుని మడమలెత్తడం, టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం.

పథ్యం వల్ల పుండు మానదు

ఆపరేషన్ అయితే పప్పు పెట్టొద్దు, గుడ్డు పెట్టొద్దు, చీము పడుతుందని అనడం ఇంకా మన ఇళ్లలో ఉంది. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పోయిన కండ తిరిగి పట్టాలంటే మాంసకృత్తులు కావాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ ప్రాంతపు తిండిలోనే మందుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. సంగటిలోకి ఉలవల పులుసో, అనపగింజల కూరో, గుడ్డో, మాంసమో ఉంటే సరిపోతుంది. వేరే రోగాలకు డాక్టరు పెట్టిన పథ్యం ఉంటే అది వేరు. బీడీ, సిగరెట్ మాత్రం కచ్చితంగా మానాలి. పొగ తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుకుతుంది.

క్షిపణి పదార్థం చిన్నపిల్లల కాళ్లకు

హైదరాబాదులో క్షిపణుల మీద పనిచేస్తున్నప్పుడు అబ్దుల్ కలాం దగ్గరికి నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు వచ్చి, అక్కడి తేలికైన పదార్థాన్ని చూసి ఆయన్ను తన వార్డుకు తీసుకెళ్లారు. పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల క్యాలిపర్లు తయారుచేసింది. తన జీవితంలో అమిత సంతోషం కలిగించిన పనుల్లో అదొకటని కలాం ఎన్నో వేదికల మీద చెప్పేవారు. సాధన ఎంత బాగున్నా కాలికి మూడు కిలోల ఇనుము కట్టి ఉంటే పిల్లవాడు ఎంతసేపు నడుస్తాడు? కర్ర ఎత్తు, వాకర్ బరువు, చెప్పు అడుగు లాంటివి కూడా వైద్యంలో భాగమే.

ఫిజియోకు ఇప్పుడు చట్టముంది

2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఫిజియోథెరపీ లాంటి వృత్తులకు జాతీయ కమిషన్, రిజిస్టరు వచ్చాయి. నొప్పి తీసేస్తాడని, నరం లాగి సరిచేస్తాడని ఎవరో చెబితే పోయే ముందు ఆ మనిషి చదువేమిటో అడిగే హక్కు మనకుంది. డిగ్రీ గోడ మీద ఉంటుంది, చూసి లోపలికి పోవచ్చు.

కాలు బాగైనా మనసు ఒప్పుకోదు

లిగమెంటు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మీద వచ్చిన పరిశోధనలన్నింటినీ 2014లో క్లేర్ ఆర్డెర్న్ బృందం కలిపి చూసింది. ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్లినవాళ్లు 81 శాతం. దెబ్బకు ముందున్న స్థాయికి చేరినవాళ్లు 65 శాతం. పోటీ ఆటలకు చేరింది 55 శాతమే. వెనకబడిన వాళ్లందరి మోకాళ్లూ బలహీనంగా ఏమీ లేవు. మళ్లీ తెగుతుందేమోనన్న భయం కూడా చాలామందిని ఆపింది.

మామిడి కోతలో చెట్టు మీది నుంచి పడి కాలు విరిగినవాడి సంగతీ ఇదే. కాలు బాగైన తర్వాత కూడా అతను చెట్టు కింద నిలబడి కాయలు ఏరుతాడు, పైకి మాత్రం ఎక్కడు. ‘ఇంక మన వల్ల కాదులే’ అంటాడు, ఇంట్లోవాళ్లూ అదే అంటారు. ఎక్కడం మానేసినా బతుకు గడిచేవాడైతే అది అతని ఇష్టం. కోతకూలే జీవనాధారమైనవాడికి మాత్రం ఈ భయానికి కూడా మెట్లు కట్టాలి. మొదట నేల మీద పరిచిన నిచ్చెన మెట్ల మీద అడుగులు. తర్వాత గోడకు ఆనించిన నిచ్చెన రెండో మెట్టు దాకా, కింద ఒకరు పట్టుకుని. అక్కడ నిలబడి రెండు చేతులూ వదిలి కాయ కోసినట్టు పైకి చాపడం. నాలుగో మెట్టు. ఆ తర్వాత నడుముకు తాడు కట్టుకుని తోటలో అన్నిటికంటే పొట్టి చెట్టు. ఎన్నో మెట్టు దగ్గర గుండె దడదడలాడిందో అతన్నే అడిగి, మర్నాడు దానికి ఒక మెట్టు కింద నుంచే మొదలుపెట్టాలి.